కరెంటు కారు మీద రాసిన అర్జీ

ముందే చెప్పేస్తున్నాను. ప్రభుత్వం ఏదన్నా సబ్సిడీ మీద ఇస్తానంటే రెండడుగులు వెనక్కి వేసే మనిషిని నేను. నా పేరు జయకుమార్. మైదుకూరు నుంచి బద్వేలు పోయే దారిలో పెద్దరోడ్డు దిగి నాలుగు కిలోమీటర్లు లోపలికి వస్తే మా ఊరు. ఇరవై రెండేళ్లుగా ఊరికీ బద్వేలుకీ డీజిలు జీపు తోలుతున్నాను. ఆ జీపులో నిండు చూలాళ్లు ఆసుపత్రికి పోయారు, పెళ్లికూతుళ్లు చర్చికి పోయారు, మేకపోతులు సంతకు పోయాయి.

నా అనుమానం ఊరికే పుట్టింది కాదు. ఒకప్పుడు ఆఫీసర్లు వచ్చి అడవి ఆముదం నాటమన్నారు. దాని గింజల నూనెతో మోటార్లు నడుస్తాయట, పొగ తగ్గుతుందట, భూమి చల్లబడుతుందట. మొక్కలు ఉచితం. ఉన్న మూడెకరాల్లో రెండెకరాలు నాటాను. గింజలు బాగానే కాశాయి, కొనేవాడే రాలేదు. మేకలు కూడా ముట్టని చెట్లవి. వాటిని పీకించడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ మా అమ్మ రాహేలమ్మ గట్టు మీద కూర్చుని చూస్తూనే ఉంది. తిట్టినా బాగుండేది.

అలాంటి ఇంట్లోకి పోయిన జనవరిలో మా యేసుప్రసాద్ కరెంటు కారు తెచ్చాడు. వాడు మా అక్క కొడుకు. నా కూతురు కృపారాణిని చేసుకున్నాడు కాబట్టి అల్లుడు కూడా. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒక గోడే అడ్డం. పాస్టరయ్య వచ్చి కారు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. నేనూ ఆమెన్ అన్నాను. అది దేవుడికి అన్నాను, కారుకు కాదు.

ప్రార్థన అయ్యాక అందరూ కారు చుట్టూ తిరుగుతుంటే నేను వాణ్ణి పక్కకు పిలిచాను.

"ఒరే ప్రసాదూ, దీనికి కరెంటు యాడ్నుంచి వస్తాది?"

"గోడలోనుంచి మామా," అని నవ్వాడు వాడు.

"గోడలోకి యాడ్నుంచి వస్తాది? ముద్దనూరు కాడ బొగ్గు కాలిస్తే వస్తాది. ఆ పొగ నీ ఎనక రాకుండా ముద్దనూరోళ్ల ముక్కుల్లోకి పోతాది. అంతే కదా తేడా! దీనికి మళ్లా టాక్సు మాఫీ. నా జీపుకు మాత్రం గ్రీన్ టాక్సు."

"నేనేమన్నా భూమిని కాపాడేదానికి కొన్నానా మామా? బద్వేలు ఆఫీసోళ్లు కరెంటు కారయితేనే బాడుగకు పెట్టుకుంటామన్నారు. నెలనెలా పని ఉంటాది. ఇంటికాడ అన్నం తిని, ఇంటికాడ పడుకుంటా. ఇన్నేండ్లూ లారీల మీద తిరిగినోన్ని, నాకింకేం కావాల?"

ఎదుటివాడి మాట న్యాయంగా ఉంటే నాకు కోపం ఎక్కువవుతుంది. ఆ నెలంతా జీపులో ఎక్కినవాళ్లకల్లా కరెంటు కార్ల గురించి చెబుతూనే ఉన్నాను. పోయేటప్పుడు బ్యాటరీ గురించి, వచ్చేటప్పుడు ఢిల్లీ గురించి. అసూయ లేదా అంటే, ఉంది. ఎందుకు దాచాలి?

ఫిబ్రవరి వచ్చింది, ఉలవలు నూర్చే కాలం. మా ఊళ్లో ఉలవలకు కళ్లం తారురోడ్డే. పీకిన ఉలవ చెట్టును, మేం కట్టె అంటాం, ఎండబెట్టి తెచ్చి రోడ్డు మీద మందంగా పరుస్తారు. పోయే బండ్లు తొక్కితే కాయలు పగిలి గింజ రాలుతుంది. పరాయి ఊరి బండ్లవాళ్లు తిట్టుకుంటూ పోతారు. మా ఊరివాళ్లయితే కట్టె దగ్గరికొచ్చి ఆగి, ఆడవాళ్లు పక్కకు జరిగాక, ముందుకూ వెనక్కూ నాలుగుసార్లు తొక్కించి మరీ పోవాలి. అది మా ఊరి మర్యాద. ఆ మర్యాద తప్పినవాడి జీపు ఎవరూ ఎక్కరు.

మా అమ్మకు డెబ్బై నాలుగేళ్లు. ఆమె చెరిగినంత శుభ్రంగా ఊళ్లో ఇంకెవరూ ఉలవలు చెరగలేరు. చేటలో ఒక్క మట్టిబెడ్డ మిగలదు. పక్కవాళ్లు కూడా తమ గింజలు తెచ్చి ఆమె ముందు పోసేవాళ్లు. పొద్దున చద్దన్నం తిని రోడ్డు మీదికి పోతే మళ్లీ ఎండ చల్లబడ్డాకే ఇంటికి రావడం. ఆ నెల రోజులూ ఆమె ముఖంలో వయసు కనపడేది కాదు.

ఆ మంగళవారం నేను బద్వేలు నుంచి వచ్చేసరికి మలుపు దగ్గర జనం ఉన్నారు. కరెంటు కారు రోడ్డు దిగి కంపచెట్లలోకి మూతి పెట్టి ఉంది. మా అమ్మ రోడ్డు పక్కన కూర్చుని ఉంది, మణికట్టుకు తడిగుడ్డ చుట్టి. ప్రసాదు ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏమైందిరా?"

"అవ్వ రోడ్డు నడిమధ్యన వంగి కట్టె తిరగేస్తాండె మామా. హారన్ కొట్టినా. రెండుసార్లు కొట్టినా. జరుగుతాదిలే అనుకున్యా, జరగలా. నేను పక్కకు కోసినా. కారు తగల్లేదు మామా, దడుసుకొని పడింది."

"హారన్ కొట్టినావా? మలుపు అవతల ఆర్టీసీ బస్సు వస్తే కనుక్కునే మనిషికి నీ హారన్ వినపల్లేదా?"

"దేవుని తోడు మామా, కొట్టినా."

పక్క చేని ఓబులేసును అడిగాను. "నా ట్రాక్టరు ఆన్‌లో ఉండె జయన్నా. నాకేం తెల్లా," అన్నాడు. రోజూ మా అమ్మకు ఎదురుగా కూర్చుని చెరిగే ఓబులేసు పెండ్లాం అప్పుడే నీళ్లు తాగడానికి పోయిందట. చూసినవాళ్లు లేరు.

మా అమ్మ మాత్రం నన్ను చూసి, "నాకేం కాలేదు నాయనా. పిల్లోన్ని తిట్టాకు," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకో అంగుళం అటూ ఇటూ అయి ఉంటే మా అమ్మ నాకు మిగిలేది కాదు. ఆ కోపమూ భయమూ నిజమే. కానీ వాటి అడుగున కొంచెం సంతోషం కూడా ఉంది. నెల నుంచి నేను అరుస్తున్న మాటకు రుజువు దొరికిందని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది, ఆ రోజు లేదు.

మా చర్చిలో ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాలు చెప్పే వేళ ఉంటుంది. జ్వరం తగ్గినవాళ్లు, తప్పిపోయిన బర్రె దొరికినవాళ్లు లేచి దేవుడికి స్తోత్రం చెబుతారు. ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ లేవలేదు. ఆ ఆదివారం లేచాను. మా అమ్మను దేవుడు ఎలా కాపాడాడో చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో ఎక్కడో దారి మళ్లాను.

"మా యమ్మను దేవుడు కాపాడినాడు, సరే. రేపు మీ యమ్మలను ఎవురు కాపాడతారు? సప్పుడు లేకుండా వచ్చే బండ్లను మన రోడ్ల మీదికి తోలమని మనం అడిగినామా? ఏసీ గదుల్లో కూచొని భూమి వేడెక్కిందని వాళ్లే చెప్తారు. దానికి మందూ వాళ్లే చెప్తారు. మింగేది మాత్రం మనం!"

ఆమెన్‌లు పడ్డాయి. సాక్ష్యం కాస్తా ఎన్నికల మీటింగు అయిపోయింది. ప్రసాదు వెనక వరసలో తల వంచుకుని కూర్చున్నాడు. మా అమ్మ ముందు వరసలో నా వైపే చూస్తూ, నవ్వుముఖంతో తల ఊపుతూ ఉంది. కొడుకు ఇన్నాళ్లకు దేవుడి ముందు నోరు విప్పాడని సంతోషపడుతోంది అనుకున్నాను.

మర్నాడు సోమవారం, ఆఫీసుల్లో అర్జీలు తీసుకునే రోజు. పొద్దున్నే ఓబులేసు ఇంటి అరుగు మీద కూర్చుని అర్జీ రాశాను. 'పర్యావరణ పరిరక్షణ పేరిట గ్రామీణ రహదారులపై శబ్దరహిత వాహనములను ప్రవేశపెట్టుట వలన' అని మొదలుపెట్టి, మా అమ్మ పడిన సంగతితో సహా రెండు పేజీలు రాశాను. నా చేతిరాత బాగుంటుంది. ముప్పై ఒక్కమంది సంతకాలు పెట్టారు, వేలిముద్రలు వేశారు. నేను పెట్టలేదు. అల్లుడి కారు మీద మామ సంతకం ఏం బాగుంటుందని. ఓబులేసే తీసుకుపోయి, ప్రసాదు కారును బాడుగకు పెట్టుకున్న బద్వేలు ఆఫీసులో ఇచ్చాడు.

వారం తిరక్కుండా ప్రసాదుకు ఆ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. అర్జీ సంగతి తేలేదాకా కారు తేవద్దన్నారు. నెలాఖరులోగా తేలకపోతే వేరే కారును పెట్టుకుంటామన్నారు. కృపారాణి పాత చీర ఒకటి కప్పుకుని ఇంటి ముందర కారు నిలబడిపోయింది. ప్రసాదు ఎర్రగుంట్ల పోయి నాపరాళ్ల లారీకి డ్రైవరుగా చేరాడు. డీజిలు లారీ. వాడు వెళ్లిన రోజు వాళ్ల చిన్నది గేటు పట్టుకుని ఏడుస్తుంటే నేను జీపు కడుగుతున్నట్టు తల తిప్పుకున్నాను.

ఆ సాయంత్రం కృపారాణి గోడ దగ్గరికి వచ్చింది.

"నాయనా, అర్జీ ఎవురు రాసినారు?"

"ఊరోళ్లు రాసినారంట పాపా."

"మనూరోళ్లకు అన్ని పెద్దపెద్ద మాటలు వస్తాయా?"

"చదువుకున్నోళ్లు ఉండారు కదా, ఎవరో ఒకరు."

ఆమె గోడ మీది ఖాళీ గిన్నె తీసుకుని లోపలికి పోయింది. ఆ రోజు నుంచి గోడ మీదుగా కూర గిన్నెలు రావడం ఆగిపోయింది. మా అమ్మ రెండుమూడు సార్లు "కారెందుకు నిలిపినారు? పిల్లోడు యాడికి పోయినాడు?" అని అడిగింది. కృపారాణి గిన్నెలు తోముతూ తల ఎత్తకుండా ఏదో చెప్పింది. నేను జీపు కింద దూరి నట్లు బిగించుకుంటూ చెప్పాను. ఆమె మళ్లీ అడగలేదు.

ఫిబ్రవరి చివరి శనివారం. రోడ్డు మీద అందరి కట్టే అయిపోయింది, మాదే ఆఖరిది. తొక్కించిపోదామని మధ్యాహ్నం జీపు తీశాను. సైలెన్సరు అంతకు ముందు రోజే విరిగింది. ఆ మోతకు నాకే చెవులు హోరెత్తుతున్నాయి.

మా అమ్మ కట్టె మీద ఒక్కతే కూర్చుని ఉంది. గాలివాలు చూసుకుని, నేను వచ్చే వైపుకు వీపు పెట్టి చెరుగుతోంది. నేను పది బారల దూరంలో ఆపాను, మర్యాద ప్రకారం. ఆమె జరగలేదు. యాక్సిలరేటర్ తొక్కాను. అవతలి చేలో గొర్రెలు బెదిరి ఒక మూలకు పరిగెత్తాయి. ఆమె చేట పైకి లేచింది, దిగింది. హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. పొట్టు గాలికి ఎగిరి పోతోంది, గింజలు చేటలో ఎగిరి పడుతున్నాయి. ఆమె ఒక రాయి ఏరి పక్కన వేసింది.

ఇంజను ఆపేశాను. తర్వాత దిగి, దూరంగా చుట్టు తిరిగి, ఆమెకు ఎదురుగా పోయి నిలబడ్డాను.

"వచ్చినావా?" అంది, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని. "జీపు యాడ పెట్టినావు?"

నేను ఆమె ముందు కూర్చున్నాను.

"అమ్మా, నీకు ఎన్నాళ్ల నుంచి వినపడ్డం లేదు?"

ఆమె నా పెదాల వైపు చూసింది. చేట పక్కన పెట్టింది.

"రెండేండ్ల నుంచి తగ్గతా వచ్చింది. ఈ చలికాలంలో మొత్తానికే పోయింది. మొగం చూస్తే తెలుస్తాది నాయనా. ఎదురుగా ఎవురో ఒకరు కూచోనుంటే, వాళ్లు తల ఎత్తితే నేనూ లేస్తా. ఆ పొద్దు ఓబులేసు పెండ్లాం లేచిపోయింది చూడు, అందుకే అట్ల అయింది."

"చెప్పొద్దామ్మా?"

"చెప్తే రోడ్డు మీదికి పంపుతావా? ఇంట్లో కూచోబెడతావు. ఇంట్లో కూచొని నేనేం చేసేది?"

చర్చిలో ఆమె పోయినేడు ముందు వరసకు మారింది. భక్తి పెరిగిందనుకున్నాను. ఎవరు పలకరించినా "ఈ పక్కకొచ్చి చెప్పు" అనేది. పెద్దరికం అనుకున్నాను. ఒక ఇంట్లో, ఒక పొయ్యి దగ్గర అన్నం తింటూ రెండేళ్లు నేను ఏమీ చూడలేదు.

"ఆ ఆదివారం నేను చర్చిలో ఏం చెప్పినానో..." అన్నాను.

"ఏం చెప్పినావో యాడ వినపడె! దేవునికి స్తోత్రం చెప్పినావు కదా. అందరూ నన్నే చూస్తాండ్రి, నేను తల ఊపినా." అని, నా ముఖం చూసి ఆగింది. "ఏం నాయనా? ఏం చెప్పినావు?"

చెప్పాను. మెల్లగా, పెదాలు కనపడేలా చెప్పాను. కారు చప్పుడు లేకుండా వచ్చిందని అన్నాననీ, కారును ఆఫీసులో వద్దన్నారనీ, అందుకే ప్రసాదు లారీ మీద పోయాడనీ చెప్పాను. ఎందుకు వద్దన్నారని అడిగింది. "ఊరోళ్లు అర్జీ పెట్టినారమ్మా," అన్నాను. రాసింది నేనేనని చెప్పలేదు.

ఆమె ఉలవల్లో చెయ్యి పెట్టి కలిపింది.

"నా మూలాన పిల్లోడు పెండ్లాం బిడ్డలను ఇడిసిపెట్టి పోయినాడా?" అంది. "సోమారం నన్ను ఆ ఆఫీసుకు తీసకపో. నేనే చెప్తా."

"అందరి ముందరా నీ చెవుడు సంగతి చెప్పుకుంటావా? మళ్లా రోడ్డు మీదికి ఎవురూ రానీరు."

"రానీయకపాయె."

నెలాఖరుకు ముందు అదే చివరి సోమవారం. కృపారాణి ఫోన్ చేస్తే ప్రసాదు ఆదివారమే వచ్చాడు. అవ్వ చెవుల సంగతి విని వాడు, నేను ఆ రోజే చెప్పాను కదా మామా అని కూడా అనలేదు. అని ఉంటే నాకు కొంచెం బరువు తగ్గేది. కారు మీది చీర తీసి మడత పెట్టాడు, అవ్వను ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాడు. నేను వెనక కూర్చున్నాను, మొదటిసారి.

కారు బాగుంది. బాగా లేదని అనను. అలాగని నా అభిప్రాయాలేమీ మారలేదు. ముద్దనూరు కాడ బొగ్గు కాలుతూనే ఉంది. అడవి ఆముదం నాటించినవాళ్లు తిరిగి వచ్చి ఎలా ఉన్నావని అడగలేదు. ఈ కార్ల సబ్సిడీ రేపు ఎత్తేస్తే ప్రసాదు లాంటివాళ్ల గతేమిటో ఏ ఆఫీసరూ చెప్పడు. ఇవన్నీ ఈ రోజుకీ అంటాను, ఎవరొచ్చినా వాదిస్తాను. ఆ రోజు మాత్రం దారి పొడవునా నోరు మూసుకుని, ముందు సీట్లో మా అమ్మ నెత్తి మీద కొంగు సర్దుకోవడం చూస్తూ కూర్చున్నాను.

అర్జీల హాల్లో జనం కిటకిటలాడుతున్నారు. మా వంతు వచ్చింది. అర్జీలు తీసుకునే మేడం చిన్న వయసు మనిషి. మర్యాదగా కుర్చీ వేయించింది. మా అమ్మ కూర్చోలేదు. చెవిటివాళ్లకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా, హాలంతా ఆమె వైపు తిరిగింది.

"చెవుడు నాది తల్లీ! కారుది కాదు. పిల్లోడు హారన్ కొట్టినాడంట, నాకే వినపల్లా. వాడు అబద్ధమాడే పిల్లోడు కాదు. వాని పని వానికియ్యండి. ఇంగ నేను రోడ్డు మీదికి పోనులే."

మేడం ఫైలు తెరిచి, నా చేతిరాత ఉన్న రెండు పేజీలు అటూ ఇటూ తిప్పింది.

"కారు రేపట్నుంచి తెచ్చుకోమనండి అవ్వా. ఇంతకీ ఈ అర్జీ ఎవరు రాశారు? రాసినవాళ్లు వచ్చి వెనక్కి తీసుకున్నామని ఒక ముక్క చెబితే, ఈ ఫైలు ఇక్కడితో మూసేస్తాను."

మా అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "ఏమంటాండాది?"

నేను ఆమె ముఖానికి ఎదురుగా వంగి, పెదాలు కనపడేలా అరిచాను. "అర్జీ రాసినోళ్లెవురు అని అడుగుతాండాదమ్మా!"

"ఎవురంట?" అంది ఆమె, నా ముఖంలోకి చూస్తూ. ప్రసాదు తలుపు దగ్గర కారు తాళం చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడూ నన్నే చూస్తున్నాడు.

"నేనే రాసినా మేడం," అన్నాను.

మేడంకు వినపడింది. తలుపు దగ్గరికి కూడా వినపడింది, వాడు చూపు నేల మీదికి దించుకున్నాడు. మా అమ్మ నా చొక్కా చెయ్యి పట్టి గుంజింది.

"నాకు వినపల్లా నాయనా," అంది. "గట్టిగా చెప్పు."

హాలంతా మా వైపే చూస్తోంది. నేను ఆమె వైపు తిరిగి గట్టిగా చెప్పాను.